తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ సెలవులు, వరుస సెలవులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఏటా రాబోయే సంవత్సరానికి సెలవుల జాబితాను ఉత్తర్వు (జీవో) రూపంలో ప్రకటిస్తాయి. అందులోని పండుగలు, జయంతులు వారాంతానికి ఆనుకుని వచ్చినప్పుడు ఏర్పడే మూడు నాలుగు రోజుల విరామాన్ని పత్రికలు వరుస సెలవులనీ, నగరవాసులు లాంగ్ వీకెండ్ అనీ అంటారు. అమెరికా, జపాన్ వంటి దేశాల్లో కొన్ని సెలవులను చట్టమే సోమవారానికి మార్చింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటు లేదు. పండుగ ఆదివారం వస్తే దానికి బదులు మరో రోజు ఇవ్వరు. ప్రభుత్వం సెలవులను విడివిడిగా ఇస్తుంది. రెండో శనివారం, ఐచ్ఛిక సెలవు, సీఎల్ (క్యాజువల్ లీవు) చేర్చి వాటిని వరుసగా మలుచుకునేది ఉద్యోగే. జీవో వెలువడిన రోజున పత్రికలు సెలవుల సంఖ్యతో పాటు ఆదివారాల్లో కలిసిపోయినవెన్నో కూడా లెక్కగట్టి రాస్తాయి.

చట్టపరమైన ఆధారం

సెలవుల జాబితాకు మూలం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. వినిమయ బిల్లులు, ప్రామిసరీ నోట్లు, చెక్కులకు సంబంధించిన ఈ చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం, పత్రం గడువు ప్రభుత్వ సెలవు రోజున తీరితే దానికి ముందరి పనిదినాన్నే గడువుగా లెక్కిస్తారు. ఆ లెక్కకు ఏది సెలవో తేలాలి కాబట్టి, ఆదివారాలతో పాటు గెజిట్‌లో ప్రకటించిన రోజులను సెలవులుగా పరిగణిస్తారు. ఈ ప్రకటన అధికారాన్ని కేంద్రం 1957లో రాష్ట్రాలకు అప్పగించింది. బ్యాంకుల సెలవులు నేటికీ ఈ చట్టం కిందనే వస్తాయి. ప్రభుత్వ కార్యాలయాల సెలవులను సాధారణ పరిపాలన శాఖ వేరే ఉత్తర్వుతో ఇస్తుంది. అందుకే కార్యాలయానికి సెలవైన రోజున బ్యాంకు తెరిచి ఉండటమూ, బ్యాంకు మూసిన రోజున కార్యాలయం నడవటమూ కనిపిస్తాయి.

కర్మాగారాలు, దుకాణాలు, ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారికి ప్రభుత్వ జాబితా మొత్తం వర్తించదు. జాతీయ సెలవులు, కొన్ని పండుగ సెలవులు మాత్రం తప్పనిసరి. వీటికి ఆధారం 1974లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 దేశమంతటికీ జాతీయ సెలవులు.

చరిత్ర

వారానికి ఒక రోజు విశ్రాంతి అనే పద్ధతి ఇక్కడి వృత్తుల్లో పాతది కాదు. చేనేత, తాపీ వంటి పనుల్లో అమావాస్య నాడు పని ఆపే ఆచారం ఉండేది. చాలాచోట్ల ఇప్పటికీ ఉంది. సేద్యంలో విరామాన్ని పంట నిర్ణయించేది. కోత పూర్తయి ధాన్యం ఇల్లు చేరాక వచ్చే సంక్రాంతి పెద్ద పండుగ కావడానికి అదొక కారణం. ఆదివారం సెలవు బ్రిటిష్ కార్యాలయాలతో వచ్చింది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే నడిపిన ఉద్యమం ఫలితంగా 1890లో ఆదివారం విశ్రాంతికి యజమానులు అంగీకరించారు. 1891 ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవును చట్టబద్ధం చేసింది. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. ఆ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక అక్కడా ఆదివారం స్థిరపడింది.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు 1985లో వారానికి ఐదు రోజుల పనికి మారాయి. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు ఆదివారాలు కాక రెండో శనివారం ఒక్కటే సెలవు. హైదరాబాదు నుంచి అమరావతికి తరలిన ఉద్యోగుల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో ఐదు రోజుల పనిని తాత్కాలికంగా ప్రవేశపెట్టి, ఆ తర్వాత పొడిగిస్తూ వచ్చింది. కుటుంబాలు హైదరాబాదులో, కొలువులు అమరావతిలో ఉండటంతో శుక్రవారం సాయంత్రం విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రైళ్లు, బస్సులు వీరితో నిండేవి. బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవయ్యాయి.

సెలవుల రకాలు

సాధారణ సెలవు రోజున కార్యాలయం మూసి ఉంటుంది. ఐచ్ఛిక సెలవు రోజున కార్యాలయం నడుస్తుంది. ఉద్యోగి ముందుగా అనుమతి తీసుకుని రాకుండా ఉండవచ్చు. జాబితాలో ఇరవైకి పైగా ఐచ్ఛిక సెలవులున్నా, రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఉద్యోగి ఏడాదికి ఐదు మాత్రమే వాడుకోవాలి. ఏ మతస్థులు ఏ పండుగకు వాడుకోవాలన్న నిబంధన లేదు. దాంతో చాలామంది తమ పండుగను బట్టి కాక, శుక్ర సోమవారాల్లో ఏది పడిందో చూసి ఎంచుకుంటారు.

స్థానిక సెలవులు మరో రకం. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు ములుగు జిల్లాలోనూ, భారీ వర్షాలప్పుడు ఆయా జిల్లాల బడులకూ కలెక్టర్లు సెలవు ప్రకటిస్తారు. హైదరాబాదులో వినాయక నిమజ్జనం రోజున రాజధాని, పరిసర జిల్లాల కార్యాలయాలకు సెలవిచ్చి, బదులుగా ఒక రెండో శనివారాన్ని పనిదినం చేస్తారు. ప్రముఖులు మరణించినప్పుడు అప్పటికప్పుడు ఇచ్చే సెలవులూ ఉన్నాయి. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మృతికి సంతాపంగా తెలంగాణ 2024 డిసెంబరు 27న సెలవు ప్రకటించింది. అంతకు ముందు రెండు రోజులూ క్రిస్మస్ సెలవులే.

రెండు రాష్ట్రాల జాబితాలు

2025లో తెలంగాణ 27 సాధారణ, 23 ఐచ్ఛిక సెలవులను, ఆంధ్రప్రదేశ్ 23 సాధారణ, 21 ఐచ్ఛిక సెలవులను ప్రకటించాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే జాబితా ఉండేది. 2014లో విడిపోయాక ఏ రాష్ట్రం దేన్ని తన పండుగగా ముందుకు తెస్తుందో జాబితాలోనే కనబడుతుంది. తెలంగాణ 2014లో బోనాలు, బతుకమ్మలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించి, బోనాలకూ బతుకమ్మ మొదటి రోజుకూ సాధారణ సెలవులిచ్చింది. దసరా మర్నాడు, రంజాన్ మర్నాడు, క్రిస్మస్ మర్నాడు కూడా అక్కడ సెలవే. ఆంధ్రప్రదేశ్‌లో కనుమ, వరలక్ష్మీ వ్రతం, దుర్గాష్టమి సాధారణ సెలవులు. తెలంగాణలో కనుమ ఐచ్ఛికం.

జనవరి 1 విషయంలో తేడా ఆసక్తికరం. ఆంధ్రప్రదేశ్‌లో అది ఐచ్ఛిక సెలవు. తెలంగాణలో 2025లో అది సాధారణ సెలవే కానీ ఉచితం కాదు. ఫిబ్రవరిలో రెండో శనివారం పనిచేసి ఆ బాకీ తీర్చాల్సి వచ్చింది. ఫిబ్రవరి 8 అలా పనిదినమైంది.

తేదీలు ఎలా పడతాయి

జాబితాలోని రోజులు మూడు కాలగణనల నుంచి వస్తాయి. జాతీయ సెలవులు, అంబేడ్కర్ జయంతి, క్రిస్మస్ వంటివి ఆంగ్ల క్యాలెండరు తేదీలు. ఇవి ఏటా వారంలో ఒక రోజు ముందుకు జరుగుతాయి. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు. ఆగస్టు 15 2024లో గురువారం, 2025లో శుక్రవారం, 2026లో శనివారం, 2027లో ఆదివారం. అంటే శుక్రవారం వచ్చి మురిపించిన సెలవు రెండేళ్లలో ఆదివారంలో కలిసిపోతుంది.

ఉగాది, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా, దీపావళి చాంద్రమాన తిథులు. చాంద్ర సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఇవి ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకు వస్తాయి. తిథి రెండు రోజుల మీద వ్యాపిస్తే పండుగ ఏ రోజన్నది పంచాంగకర్తల మధ్య వివాదమవుతుంది, ప్రభుత్వం జీవోను సవరిస్తుంది. 2023లో తెలంగాణ దసరా సెలవులను అక్టోబరు 24, 25 నుంచి 23, 24కు మార్చింది. సంక్రాంతి సౌరమానం కావడం వల్ల జనవరి 14 లేదా 15న వస్తుంది. ఈ తగాదా దానికి తక్కువ.

హిజ్రీ క్యాలెండరులో అధిక మాసం లేదు. రంజాన్, బక్రీద్, మొహర్రం దాదాపు 33 ఏళ్లలో ఏడాది మొత్తం చుట్టి వస్తాయి. 2000లో రంజాన్ పండుగ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చింది. ఈ సెలవులన్నీ నెలవంకకు లోబడినవని జీవోలోనే రాస్తారు. రంజాన్ పండుగకైతే హైదరాబాదులోని రుయత్-ఎ-హిలాల్ కమిటీ ముందు రోజు సాయంత్రం చంద్రదర్శనాన్ని ప్రకటించేదాకా మర్నాడు సెలవో కాదో తేలదు.

వారాన్ని బట్టి ఏటా తప్పక వారాంతానికి ఆనుకునే పండుగ సెలవులు రెండే. ఒకటి గుడ్ ఫ్రైడే. రెండోది తెలంగాణ బోనాల సెలవు: లాల్ దర్వాజా బోనాలు ఆదివారం జరుగుతాయి, సెలవు ఆ మర్నాడు సోమవారం.

వరుస కూర్చే పద్ధతి

రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 15 సీఎల్‌లు, ఐదు ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. సీఎల్‌కు ముందూ వెనకా ఆదివారాలు, పండుగ సెలవులు కలుపుకోవచ్చు. అయితే మొత్తం గైర్హాజరు పది రోజులు దాటకూడదు. వరుస సెలవుల లెక్కంతా ఈ పది రోజుల గీత లోపలే జరుగుతుంది.

2025 సంక్రాంతి దీనికి మంచి ఉదాహరణ. జనవరి 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగికి సీఎల్ పెట్టకుండానే ఐదు రోజులు వచ్చాయి. తెలంగాణ ఉద్యోగి కనుమకు ఐచ్ఛిక సెలవు పెడితే అదే లెక్క. శని ఆదివారాలు రెండూ సెలవైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కనుమ దాకా సెలవిస్తే, 16, 17 తేదీలకు మరో రెండు చేర్చుకుని 19 వరకు తొమ్మిది రోజులు ఊళ్లో ఉండే వీలు చిక్కింది. అదే ఏడాది ఏప్రిల్‌లో రెండో శనివారం, ఆదివారం, అంబేడ్కర్ జయంతి 12 నుంచి 14 వరకు వరుసగా వచ్చాయి. ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు వెంట వెంటనే రెండుసార్లు మూడేసి రోజుల విరామం దొరికింది: 8న వరలక్ష్మీ వ్రతం, 9న రెండో శనివారం, 10న ఆదివారం, మళ్లీ 15న స్వాతంత్ర్య దినోత్సవం, 16న కృష్ణాష్టమి, 17న ఆదివారం.

నష్టాల పద్దు కూడా ఉంది. 2025లో గణతంత్ర దినోత్సవం, ఉగాది, శ్రీరామనవమి, మొహర్రం ఆదివారం పడ్డాయి. తెలంగాణలో బతుకమ్మ మొదటి రోజూ ఆదివారమే. గాంధీ జయంతి, విజయదశమి ఒకే రోజు వచ్చి మరో సెలవు తగ్గింది.

సంక్రాంతి ప్రయాణాలు

వరుస సెలవు దొరికితే తెలుగువారిలో చాలామంది మొదట చూసేది సొంతూరి వైపు. హైదరాబాదు నుంచి కోస్తా జిల్లాలకు సాగే సంక్రాంతి ప్రయాణం ఇందులో అన్నిటికంటే పెద్దది. దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేక రైళ్లు వేస్తుంది, రెండు రాష్ట్రాల ఆర్టీసీలు అదనపు బస్సులు నడుపుతాయి. వెళ్లేటప్పుడు కిక్కిరిసిన బస్సు తిరుగు దారిలో ఖాళీగా వస్తుందన్న కారణంతో ప్రత్యేక బస్సులకు ఒకటిన్నర రెట్లు ఛార్జీ వసూలు చేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. ప్రైవేటు ట్రావెల్స్ రేట్లకు ఆ హద్దు కూడా ఉండదు. రవాణా శాఖ తనిఖీలు ఏటా పండుగ వార్తల్లో భాగం. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర వాహనాల బారులు భోగికి రెండు రోజుల ముందే మొదలవుతాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక గేటు దగ్గర నిలిచే సమయం తగ్గినా, రద్దీ తగ్గలేదు.

రైలు టికెట్ల వేట పండుగకు ముందే మొదలవుతుంది. రిజర్వేషన్ గడువు 120 రోజులుగా ఉన్నప్పుడు సంక్రాంతి బెర్తుల కోసం సెప్టెంబరులోనే కాచుకునేవారు. 2024 నవంబరు 1 నుంచి గడువు 60 రోజులకు తగ్గింది. ఇప్పుడు ఆ కంగారు నవంబరుకు మారింది.

తిరుగు ప్రయాణాన్ని ఆచారమూ నిర్ణయిస్తుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. పశువులను పూజించి, మాంసాహారం వండుకుని, అల్లుళ్లు, కూతుళ్లతో ఇల్లు నిండి ఉండే ఆ రోజున బయలుదేరతామంటే పెద్దలు ఒప్పుకోరు. కాబట్టి తెలంగాణలో కొలువు చేసే కోస్తావాసి కనుమకే కాక ముక్కనుమ ప్రయాణానికీ సెలవు చూసుకోవాలి. బడి పిల్లలకు ఈ ఇబ్బంది లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ బడులకు జనవరి 10 నుంచి 19 వరకు, తెలంగాణ బడులకు 11 నుంచి 17 వరకు సంక్రాంతి సెలవులిచ్చారు. దసరాకు, బతుకమ్మకు తెలంగాణ బడుల సెలవులు ఇంతకంటే ఎక్కువ.

తీర్థయాత్రలు, విహారం

పండుగ కాని వరుస సెలవుల్లో తొలి గమ్యం దేవస్థానమే. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లు నిండి క్యూలైను బయటికి వస్తుంది. అలాంటి రోజుల్లో సిఫార్సు లేఖలపై ఇచ్చే బ్రేక్ దర్శనాలను టీటీడీ రద్దు చేస్తుంటుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు చెక్‌పోస్టు మూసి ఉంటుంది కాబట్టి, శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయలుదేరేవారు గేటు వేళను లెక్కలో పెట్టుకోవాలి. 2022 మార్చిలో పునర్నిర్మిత ఆలయం తెరిచాక యాదగిరిగుట్ట నగరవాసుల ఒక్క రోజు యాత్రల్లో ముందుకు వచ్చింది.

విహారానికి విశాఖ నుంచి అరకు ప్రధాన ఆకర్షణ. కిరండూల్ మార్గంలో సొరంగాలు దాటి వెళ్లే రైలుకు 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీని జతచేశారు. చలికాలంలో లంబసింగి, వంజంగి కొండల మంచు, వానాకాలం చివర నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన దృశ్యం, బొగత జలపాతం, గోదావరి మీద పాపికొండల లాంచీ ప్రయాణం జనాన్ని లాగుతాయి. హైదరాబాదు వారికి వికారాబాద్ అనంతగిరి దగ్గర, హంపి, గోవా దూరం. కొండ దారుల్లో కార్లు గంటల తరబడి నిలిచిపోవడం, గదులు దొరక్క వాహనాల్లోనే రాత్రి గడపడం ఈ మోజు తెచ్చిన కొత్త ఇబ్బందులు.

పోలింగ్ సెలవు

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలంటుంది. ఆ రోజు వారాంతానికి ఆనుకుంటే ఏమవుతుందో 2024 మే నెల చూపింది. మే 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 సోమవారం పోలింగ్. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు కలిపి, తెలంగాణలో లోక్‌సభకు ఓటింగ్ జరిగింది. హైదరాబాదు నుంచి ఆంధ్ర వైపు సంక్రాంతిని తలపించే రద్దీ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటిన ఓటింగ్, హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగానికి చేరలేదు. నగరంలో తక్కువ ఓటింగ్‌కు వరుస సెలవే కారణమన్న విమర్శ ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. కానీ అదే సెలవు ఆంధ్ర ఓటరును ఊరికి చేర్చింది. ఓటు ఎక్కడ నమోదై ఉంది, దాని మీద పట్టింపు ఎంత అన్నవే తేడాకు కారణాలు. సెలవు దారి మాత్రమే ఇచ్చింది.

సెలవు లేనివారు

ఆర్టీసీ, రైల్వే, విద్యుత్, వైద్యం, పోలీసు శాఖల సిబ్బందికి వరుస సెలవులంటే అదనపు డ్యూటీలు. 1974 చట్టం వర్తించే సంస్థల్లో సెలవు రోజున పనిచేసినవారికి రెట్టింపు వేతనమో, బదులు సెలవో దక్కాలి. నిర్మాణ కూలీలు, ఇళ్లలో పనిచేసేవారు, ఆటో డ్రైవర్ల వంటి అసంఘటిత కార్మికులకు ఈ రక్షణ అందడం అరుదు. పని ఆగితే కూలీ ఆగుతుంది. అమెరికా ఖాతాదారుల కోసం పనిచేసే ఐటీ బృందాలకు ఇక్కడి పండుగ కంటే అక్కడి క్యాలెండరే ముఖ్యం. మరోవైపు టిఫిన్ సెంటర్లు, దాబాలు, లాడ్జీలు, ట్రావెల్స్ వారికి ఇవే ఆదాయపు రోజులు.

ఒకప్పుడు వరుసగా మూడు రోజులు బ్యాంకులు మూత అన్న వార్తతో ఏటీఎంల దగ్గర బారులు తీరేవారు. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ రోజంతా, ఏడాది పొడవునా పనిచేయడం, 2021 ఆగస్టు నుంచి జీతాలు, పింఛన్లు జమచేసే నాచ్ వ్యవస్థ సెలవుల్లోనూ నడవడం, యూపీఐ వ్యాపించడంతో ఆ ఆందోళన చాలావరకు పోయింది.

తెలుగునాడు దాటి

ఉగాదిని తమిళనాడు ప్రభుత్వం తెలుగు సంవత్సరాది పేరుతో సెలవుగా ఇస్తుంది. మారిషస్‌లో తెలుగువారి కోసం ఉగాది జాతీయ స్థాయి సెలవు. అమెరికాలో 1971 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం మెమోరియల్ డే వంటి సెలవులను సోమవారానికి మార్చింది. అక్కడి తెలుగు సంఘాలు తమ మహాసభలకు జులై 4, మెమోరియల్ డే వారాంతాలనే తరచూ ఎంచుకుంటాయి. ఉగాది, దీపావళి సంబరాలు మాత్రం తిథిని వదిలి దగ్గరి శనివారానికి జరుగుతాయి. గల్ఫ్‌లో వారపు విశ్రాంతి సాధారణంగా శుక్రవారం చుట్టూ ఉంటుంది. యూఏఈ మాత్రం 2022 నుంచి శని ఆదివారాలకు మారడంతో అక్కడి తెలుగు కుటుంబాల వారాంతం స్వదేశంలోని బంధువుల ఆదివారంతో కలిసింది.

తగ్గించాలా, పెంచాలా

సెలవులు ఎక్కువన్న విమర్శ పాతది. ఐదో కేంద్ర వేతన సంఘం జాతీయ సెలవులు మూడే ఉంచి ఆరు రోజుల పనికి మళ్లాలంది. ఆరో వేతన సంఘం 2008లో జాతీయ సెలవులు తప్ప మిగతావన్నీ తీసేసి ఐచ్ఛిక సెలవులను రెండు నుంచి ఎనిమిదికి పెంచాలని సూచించింది. ప్రభుత్వాలు రెండింటినీ అంగీకరించలేదు. ఉత్తరప్రదేశ్ 2017లో మహనీయుల జయంతి, వర్ధంతి సెలవులు పదిహేనింటిని రద్దు చేసింది. తెలుగు రాష్ట్రాల్లో జాబితా తగ్గే సూచనలు లేవు. ప్రతి పేరు వెనుక ఒక ప్రాంతమో, మతమో, సామాజిక వర్గమో ఉంది, ఏది తీసేసినా దాన్ని అవమానంగా పరిగణిస్తారు. బ్యాంకు ఉద్యోగులు ఐదు రోజుల వారం అడుగుతున్నారు. వరుస సెలవుల వైపు నుంచి చూస్తే సెలవుల సంఖ్య కంటే అవి పడే చోటే ముఖ్యం. 2025లో ఆంధ్రప్రదేశ్ కంటే తెలంగాణ నాలుగు సెలవులు ఎక్కువ ఇచ్చింది. అయినా సీఎల్ పెట్టకుండా సంక్రాంతికి ఐదు రోజులు, ఆగస్టులో రెండుసార్లు మూడేసి రోజులు దొరికింది ఆంధ్రప్రదేశ్ ఉద్యోగికే.